నోరు కట్టిన బొమ్మ

మాచర్ల,
9-9-1963

ఏమే నిర్మలా,

ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టడం మనకి బళ్ళో నేర్పారు. ఈసారి ఆ ముక్క రాయబుద్ధి కావడం లేదు. మా సరస మాట్లాడ్డం మానేసింది.

నువ్వు నమ్మవు. పోయిన ఏడాది నువ్వొచ్చినప్పుడు రెండు రోజులు నీ చెవులు తినేసిన పిల్లేగా అది! "పిన్నీ, మీ బళ్ళో పిల్లల్ని కొడతావా? బెత్తంతోనా, చేత్తోనా?" అని నిన్ను నిలదీసింది. బాలసరస్వతి అని పేరు పెట్టినందుకు వీణ నోట్లో పెట్టుకుని పుట్టిందని మీ బావగారు వేళాకోళం చేసేవారు. అలాంటిది జులై మొదటివారం నుంచి ఒక్క మాట లేదు. బళ్ళో లేదు, ఇంట్లో లేదు. అన్నం కావాలంటే కంచం చూపిస్తుంది. ఏడుపొచ్చినా చప్పుడు లేకుండా ఏడుస్తుంది. ఏడేళ్ళ పిల్ల అలా ఏడవడం నువ్వు చూడాలి.

గుంటూరు తీసుకెళ్ళి గొంతు డాక్టరుకి చూపించాం. ఏ జబ్బూ లేదన్నాడు. పక్కింటి జైనాబ్ బీ దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. మా అత్తగారు కోటప్పకొండకి మొక్కుకున్నారు. ఇవన్నీ అయ్యాక ఇప్పుడు బడివాళ్ళు కొత్త వైద్యం మొదలుపెట్టారు. అదే నాకు మింగుడు పడటం లేదు.

హెడ్మాస్టరు ఇశ్రాయేలు గారు దీన్ని కొత్తగా వచ్చిన టీచరమ్మకి అప్పజెప్పారు. దయామణి అని, మద్రాసులో పిల్లల ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ దగ్గర ఏడాది పని నేర్చుకుని వచ్చిందట. పాత సామాన్ల గది ఊడ్పించి, నాపరాళ్ళ మీద బండెడు ఇసుక పోయించి, గుడ్డబొమ్మలూ లక్కపిడతలూ బంకమట్టీ పెట్టింది. వారానికి రెండుసార్లు మా పిల్లని అందులో కూర్చోబెట్టి ఆడిస్తుంది. అదే మందు! ఆడుకోవడానికైతే మా వీధిలో దుమ్ము లేదా? అక్షరాలు నేర్చుకోమని బడికి పంపితే, మాటలు రాని పిల్ల చేతికి బొమ్మనివ్వడమేంది?

కోపం తెచ్చుకోకుండా విను. మీ మిషన్ వాళ్ళ బడి కనక నిన్ను అడుగుతున్నాను. ఈ దయామణి ఎవరు, ఏ ఊరు, ఎవరు పంపితే వచ్చింది, కాస్త వాకబు చేసి రాయి. నాకు మనసులో ఏదో ముల్లులా ఉంది.

నా ఒంట్లో బాగానే ఉంది. అంతకంటే రాసేదేమీ లేదు.

నీ
రాజ్యలక్ష్మి


నరసరావుపేట,
16-9-1963

రాజ్యం,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు పాఠం సరిగ్గా చెప్పలేకపోయాను. సరస మాట్లాడకపోవడమా! కళ్ళు మూసుకుంటే ఆ గొంతే వినపడుతోంది.

నువ్వు అడిగిన టీచరు గురించి ఇక్కడ ఎవరికీ పెద్దగా తెలిసినట్టు లేదు. మద్రాసులో నేర్చుకుని వచ్చిందంటే ఎంతో కొంత తెలిసిన మనిషే అయి ఉంటుంది. ఆ పద్ధతి గురించి మాత్రం నేను కాస్త విన్నాను. పెద్దవాళ్ళం మనసులో బరువుంటే ఎవరితోనో చెప్పుకుంటాం. పిల్లలకి చెప్పుకోవడం రాదు. చేతికి బొమ్మలిచ్చి, ఏమీ అడక్కుండా, తప్పని కొట్టకుండా పక్కన కూర్చుంటే, లోపల ఉన్నది ఆటలో బయటికి వస్తుంది. అది చూస్తే ఎక్కడ నొప్పో తెలుస్తుంది. కొన్నాళ్ళు ఓపిక పట్టు.

ఇంకో మాట. నువ్వు ఫిబ్రవరిలో రాసిన ఉత్తరంలో నీకు ఐదో నెల అన్నావు. ఆ లెక్కన జూన్‌లో పురుడు రావాలి. ఇప్పుడు సెప్టెంబరు. నీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఇద్దరు బిడ్డలు దక్కకుండా పోయిన దానివి. నిన్ను అడగాలంటే భయంగా ఉంది, అడక్కుండా ఉండలేను. ఏమైంది?

నీ
నిర్మల


మాచర్ల,
2-10-1963

నిర్మలా,

నువ్వు అడిగిన ఆ సంగతి అడగొద్దు. ఏమీ లేదనుకో. ఉత్తరంలో రాసే విషయం కాదు. నాకు నువ్వు ఎంత కావలసినదానివైనా సరే, రాయను.

నువ్వు ఓపిక పట్టమన్నావు. పట్టాను. ఫలితం విను.

పోయిన వారం సోమవారం నేనే బడికి వెళ్ళాను. ఆ గదికి తలుపు దగ్గరగా వేసి, కిటికీకి పాత చీర కట్టారు. పట్టపగలు పిల్లల్ని ఆడించే గదికి కిటికీ మూయడం ఎందుకు? లోపలికి పోబోతే ఆ దయామణి చేతులు అడ్డం పెట్టి, "అమ్మా, మీరు వరండాలో కూర్చోండి, పెద్దవాళ్ళుంటే పాప ఆడదు" అంది. నా కూతురి దగ్గరికి నన్ను పోనివ్వదట! ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. తెల్ల చీర, సన్నటి గొంతు, ముఖాన చిరునవ్వు చెరగదు. నాకు ఎప్పుడూ నవ్వుతుండే వాళ్ళని చూస్తే అనుమానం. ఒళ్ళో ఒక నోటుబుక్కు ఉంది. మా పిల్ల చేసే ప్రతి పనీ అందులో రాస్తుందట. "ఏం రాస్తన్నావమ్మా, చూపించు" అంటే బుక్కు మూసేసింది. మా ఇంటి గుట్టు ఆమె బుక్కులో ఎందుకు?

అంతటితో పోతే బాగుండేది. శుక్రవారం సరస పలక సంచి దులుపుతుంటే అడుగున ఒక గుడ్డబొమ్మ దొరికింది. జడ, పరికిణీ ఉన్న ఆడపిల్ల బొమ్మ. దాని మూతి మీద బంకమట్టి మెత్తి, వేలితో అదిమి, నున్నగా మూసేసి ఉంది. కళ్ళున్నాయి, ముక్కుంది, నోరు లేదు.

మా అత్తగారు చూసి ఒక్క కేక పెట్టారు. "నోరు కట్టిందే! పిల్లకి నోరు కట్టిందే ఆ మనిషి!" అని. మా వాళ్ళలో ఎవరినడిగినా చెప్తారు, నోరు కట్టడమంటే ఇదే. బొమ్మ చేసి మూతి మూస్తే మనిషి మూగపడుతుంది. సరసేమో బొమ్మని లాక్కోబోయింది, నేను ఇవ్వలేదు. పారేద్దామంటే ఇంకేం ముంచుకొస్తుందోనని భయం. పసుపు నీళ్ళు చల్లి, ఇత్తడి బిందెలో పెట్టి మూత వేశాను.

పిల్ల మాట ఆగింది జులైలో, ఆమె వచ్చింది జూన్‌లో. ఇంక అనుమానం ఏముంది? మీ బావగారి పక్క కొట్టు వెంకటప్పయ్య గారు పిటీషన్ రాస్తున్నారు. ఆ టీచరుని తీసెయ్యకపోతే బజారు పిల్లలందరినీ బడి మాన్పిస్తాం. ఏమంటావో చెప్పు.

రాజ్యలక్ష్మి


నరసరావుపేట,
10-10-1963

రాజ్యం,

తొందరపడకు, నీకు దణ్ణం పెడతాను. పిటీషన్ మీద నువ్వు సంతకం పెట్టకు. ఆ బొమ్మని పారెయ్యకు, సరసకి తిరిగి ఇచ్చెయ్. అది దాని బొమ్మ.

ఒక ఆడపిల్ల ఉద్యోగం తీయించడం మాటలు కాదు. ఆమె మీద చేతబడి అన్న ముద్ర పడితే ఈ జిల్లాలో ఇంకే బడి రానిస్తుంది? నువ్వు చదువుకున్నదానివి. మనం ఒకే బెంచీ మీద కూర్చుని ఎస్సెల్సీ దాకా చదివాం. చంటిబొమ్మని చేటలో పెట్టి ఇసుక కుప్ప మీద పడుకోబెట్టడం, తవుడు కొలవడం, ఇవి చేతబడి సామాన్లా? ఇంట్లో చూసిందే పిల్లలు ఆడతారు. చూడనిది ఆడలేరు. అది గుర్తుపెట్టుకో.

మళ్ళీ అడుగుతున్నాను. జూన్‌లో మీ ఇంట్లో ఏం జరిగింది?

నిర్మల


మాచర్ల,
16-10-1963

నిర్మల గారికి,

తమరి ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. తరవాత నేను మీకు రాసినవి ఏమిటో ఒక్కొక్క ముక్కా గుర్తు తెచ్చుకున్నాను. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువని మీకు తెలుసు.

బొమ్మ సంగతి రాశాను. ఇసుక సంగతి రాశాను. చేట మాట నేను రాయలేదు. తవుడు మాట నేను రాయలేదు. చంటిబొమ్మ ఒకటి ఉందని నాకే తెలియదు. నరసరావుపేటలో కూర్చున్న మీకు ఎలా తెలిసింది?

"ఇక్కడ ఎవరికీ పెద్దగా తెలిసినట్టు లేదు" అని రాశారు. ఎంత చక్కగా రాశారు! ఆ నోటుబుక్కులోవి ఎక్కడికి పోతున్నాయో ఇప్పుడు తెలిసింది. నేను మిమ్మల్ని దొంగని పట్టమని అడిగాను. దొంగకి మీరే దీపం పట్టారు.

పిటీషన్ మీద మొట్టమొదటి సంతకం నాదే. వచ్చే నెల పదిహేనున బడి కమిటీ మీటింగు. మీరు ఇంకేమైనా దాచి ఉంటే అది కూడా దాచుకోండి.

ఇట్లు,
పాండురంగారావు గారి భార్య రాజ్యలక్ష్మి


నరసరావుపేట,
22-10-1963

రాజ్యం,

నువ్వు ఎలా పిలిచినా నేను రాజ్యం అనే రాస్తాను.

దయామణి మా పిన్ని కూతురు. చిన్నప్పుడే తల్లి పోతే మద్రాసు హాస్టల్లో పెరిగింది. మాచర్ల బళ్ళో ఖాళీ ఉందని చెప్పి పంపింది నేనే. నీ మొదటి ఉత్తరం అందగానే చెప్పాల్సింది. మా చెల్లెలంటే నా మాట నువ్వు వినవని, ఎవరో పరాయిమనిషిలా చెప్తే వింటావని తెలివితేటలకి పోయాను. తప్పు నాది. దయది కాదు. అది నాకు పిల్ల పేరు కూడా రాయలేదు. "ఒక పాప ఉంది అక్కా, నాకు అర్థం కావటం లేదు" అని రాసింది. ఏడేళ్ళు, జులై నుంచి మాట లేదు అనగానే నేనే పోల్చుకున్నాను.

ఇంక దాచను. దయ రాసింది ఇది. పాప ప్రతిసారీ ఒకటే ఆట ఆడుతుంది. అమ్మబొమ్మ చేత చంటిబొమ్మని చేటలో పెట్టించి, ఇసుక కుప్ప మీద పడేయిస్తుంది. ఇంకొక ఆడబొమ్మ వచ్చి ఎత్తుకుపోతుంది. పాప ఇసుకని తవుడులా సోలతో కొలుస్తుంది. ఎవరు ఎవరికి ఇస్తున్నారో దయకి తెలియలేదు. చివర జడ బొమ్మని తీసుకుని, దాని మూతికి తనే మట్టి మెత్తి, గోడ వైపు తిప్పి కూర్చోబెడుతుంది. దయ ముట్టుకోలేదు, రాజ్యం. మూతి మూసింది సరసే.

ఇప్పుడు నా అనుమానం కూడా విను. నువ్వు ఒక్కదానివే అనుమానించగలవా? నీకు జూన్‌లో పురుడు. బిడ్డ ఊసు లేదు. అడిగితే "రాయను" అంటావు. నీ కూతురేమో చంటిబిడ్డని కుప్ప మీద పడేసి, ఎవరికో ఇచ్చి, తవుడు కొలిచే ఆట ఆడుతోంది. మీ బిడ్డ ఏమైంది? మళ్ళీ ఆడపిల్ల పుట్టిందా? ఎవరికిచ్చారు? తాసీల్దారుకి రాయాలా అక్కా అని దయ అడిగితే నేనే ఆపాను. నువ్వు జవాబు చెప్పకపోతే ఆపను.

నిర్మల


మాచర్ల,
28-10-1963

ఒసేయ్ నిర్మలా,

బిడ్డని అమ్ముకున్నాననుకున్నావా? నేనా? నీకు నోరెలా వచ్చిందే, చెయ్యెలా వచ్చింది ఆ మాట రాయడానికి! చదివి ఉత్తరం విసిరికొట్టాను. తరవాత వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆ పైన నవ్వొచ్చింది. మా అత్తగారు నాకు పిచ్చి పట్టిందనుకుని విభూతి పెట్టారు.

విను. రాయకూడదు, అయినా రాస్తున్నాను. చదివాక చింపెయ్.

జూన్ నాలుగున మగపిల్లాడు పుట్టాడు. ముందు ఇద్దరు మగపిల్లలూ ఏడాది నిండకుండా పోయారు కదా. మూడోవాణ్ణి దక్కించుకోవడానికి మా అత్తగారు చెప్పినట్టల్లా చేశాను. పదకొండో రోజున వాణ్ణి చేటలో పెట్టి, మా దొడ్డి వెనక పెంటకుప్ప మీద పడేశాను. "మాకొద్దీ బిడ్డ" అని మూడుసార్లు అన్నాను. జైనాబ్ బీ వచ్చి ఎత్తుకుంది. "నాకు దొరికాడమ్మా, కొంటారా?" అంది. సోలెడు తవుడు పోసి కొనుక్కున్నాను. వాడికి పెంటయ్య అని పేరు. ఇలా పారేసి కొనుక్కున్న బిడ్డని చావు కూడా మాకక్కర్లేని వాడనుకుని వదిలేస్తుంది. ఏడాది నిండేదాకా "మా వాడు" అని ఎవరూ అనకూడదు. ఎవరడిగినా "జైనాబ్ బీ దగ్గర తవుడుకి కొన్నాం" అనాలి. కొడుకు పుట్టాడని ఉత్తరం రాయకూడదు. అందుకే నీకు రాయలేదు. ఈ ముక్క రాశాను. రాసి మళ్ళీ పోయి వాణ్ణి చూసి వచ్చాను. నిద్రపోతున్నాడు.

ఊరందరికీ తెలుసు ఇది ఉత్తుత్తి అని. మీ తాసీల్దారుకీ తెలుసు. నీకొక్కదానికే తెలియలేదు.

సరస ఆ రోజు దొడ్డి గుమ్మంలో నిలబడి చూసింది, నిజమే. చూస్తే ఏం? పిల్లలు చూడని పనులా ఇవి? దాని మూతికి అదే మట్టి మెత్తిందంటే మాత్రం నమ్మను. ఏడేళ్ళ పిల్ల తన నోరు తానెందుకు మూసుకుంటుంది? మీ చెల్లెలు నీకు కథలు రాస్తోంది. మీటింగు మీటింగే.

రాజ్యలక్ష్మి


నరసరావుపేట,
2-11-1963

రాజ్యం,

నీ ఉత్తరం చింపలేదు, పొయ్యిలో వేశాను. ముందు నీ కాళ్ళు పట్టుకున్నాననుకో. నా క్లాసులో ఒక పెంటయ్య, ఇద్దరు పుల్లయ్యలు ఉన్నారు. రోజూ హాజరు పిలుస్తున్నాను, ఆ పేర్లు ఎందుకొచ్చాయో ఒక్కనాడూ ఆలోచించలేదు. నిన్ను అంత మాట అన్నాను. నువ్వు ఎన్నాళ్ళు తిట్టినా పడతాను.

ఊరందరికీ తెలుసు ఇది ఉత్తుత్తి అని రాశావు. సరసకి తెలుసా? ఎవరైనా దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, "ఇది ఆట, వాడు మన వాడే" అని చెప్పారా?

ఇంకొక్క ప్రశ్న. సరస గట్టిగా మాట్లాడిన ఆఖరి మాట ఏమిటి? గుర్తు తెచ్చుకో. నాకు రాయక్కర్లేదు. నువ్వు గుర్తు తెచ్చుకుంటే చాలు.

నీ
నిర్మల


మాచర్ల,
18-11-1963

నిర్మలా,

నాకు రాయక్కర్లేదన్నావు. రాయకపోతే నేను బతకలేను.

గుర్తు తెచ్చుకోవాల్సిన పనే లేదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజునుంచీ నాకు తెలుసు. తెలిసే, ఎవరినో ఒకరిని అనుమానిస్తూ కూర్చున్నాను.

జులై మొదట్లో ఒకరోజు గాజులమ్మే జరీనా మా అరుగు మీద కూర్చుంది. సరస గాజులు వేయించుకుంటూ, "మా తమ్ముడు పుట్టాడు, ఎంత తెల్లగా ఉంటాడో! మా తమ్ముడికి కూడా గాజులుంటయ్యా?" అంది. వీధిలోకి వినపడేలా అంది. దానికి ఏదీ నెమ్మదిగా అనడం రాదు కదా. నేను లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి చెంప మీద కొట్టాను. "నీ నోరు పడిపోను! వాడు మన వాడు కాదని ఎన్నిసార్లు చెప్పాలే? ఇంకోసారి నోరెత్తావంటే వాడు చచ్చిపోతాడు. నిన్ను కూడా తవుడుకే కొన్నాం, తవుడుకే ఇచ్చేస్తా" అన్నాను. తవుడుకి కొన్నామని పిల్లల్ని ఎవరు వేళాకోళం చెయ్యరు? దాని చిన్నప్పట్నుంచీ అంటూనే ఉన్నాం, అదీ నవ్వేది. ఆ రోజు నవ్వలేదు.

అదే సాయంత్రం పిల్లాడికి జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోయింది, ఒకసారి ఫిట్సు కూడా వచ్చింది. మూడు రోజులు ఆశ వదులుకున్నాం. సరస గుమ్మంలో నిలబడి చూస్తుంటే నేను దాని వైపు తిరిగి, "చూశావా నీ నోటి చలవ" అన్నాను. ఆ మాట నేనే అన్నాను నిర్మలా, మా అత్తగారు కాదు. నాలుగో రోజుకి వాడు కోలుకున్నాడు. దాని మాట అప్పటికే ఆగిపోయింది. నా కొడుకు బతికాడన్న సంతోషంలో నా కూతురు మాట్లాడ్డం లేదని వారం రోజులు నేను గమనించనే లేదు.

పదకొండో తారీఖున ఇత్తడి బిందెలోంచి బొమ్మని తీసుకుని బడికి వెళ్ళాను. ఈసారి నేనే వరండాలో కూర్చున్నాను. దయామణి నా చేతిలో బొమ్మని చూసి, ఏమీ అడక్కుండా తలుపు తెరిచింది. "మీరు మాట్లాడించబోకండమ్మా. పాప ఏం చేస్తే అది చూడండి, మీకేదన్నా చెయ్యాలనిపిస్తే చెయ్యండి" అంది.

సరస ఇసుకలో కూర్చుని ఉంది. నన్ను చూసి బిగుసుకుపోయింది. నేనూ ఇసుకలో కూర్చున్నాను, పట్టుచీరతోనే. కొంగు కూజా నీళ్ళలో తడిపి బొమ్మ మూతి తుడవడం మొదలుపెట్టాను. మట్టి ఎండిపోయి రాయిలా ఉంది. తడిపి తడిపి తుడిచాను. ఎర్ర దారంతో కుట్టిన నోరు బయటపడింది. దాని చేతికిచ్చాను. అది నోరు వైపు చాలాసేపు చూసింది.

తరవాత లేచి కుప్ప మీది చంటిబొమ్మని తెచ్చి, జడ బొమ్మ ఒళ్ళో పెట్టింది. నేను ఉండబట్టలేక "తమ్ముడు" అన్నాను. అంతే! అది ఎగిరి దూకి వచ్చి, రెండు చేతులతో నా నోరు మూసేసింది. చేతుల నిండా ఇసుక. కళ్ళల్లో ఎంత భయమో నీకు చెప్పలేను. నేను అనుమానించినట్టు ఎవరో దాని నోరు కట్టలేదు. తమ్ముణ్ణి బతికించుకోవడానికి అదే కట్టుకుంది. ఇప్పుడు నా నోరు కూడా కట్టబోయింది.

దాని చేతుల చాటునుంచే చెప్పాను. "వాడు నీ తమ్ముడే. నా కొడుకే. నిన్ను నేనే కన్నాను, ఎక్కడా కొనలేదు. ఏమన్నా ఏం కాదు." చెప్పానే గానీ నాకు నమ్మకం ఎక్కడిది? ఇద్దరిని మట్టిలో పెట్టిన దాన్ని. దాన్ని తీసుకుని ఇంటికి వచ్చాను. రాగానే ఇద్దరం ఉయ్యాల దగ్గరికి పరుగెత్తి, వాడి నుదురు పట్టుకుని చూశాం. చల్లగానే ఉన్నాడు.

పదిహేనున మీటింగు. ఇశ్రాయేలు గారు, కమిటీ పెద్దలు, మా బజారువాళ్ళు అందరూ వచ్చారు. దయామణి ఒక మూల నిలబడింది, ఆ రోజు మాత్రం ముఖాన నవ్వు లేదు. వెంకటప్పయ్య గారు పిటీషన్ చదివారు. "బొమ్మ సాక్ష్యం ఉంది, ఆ తల్లిని అడగండి" అన్నారు. నేను లేచాను. దయామణి అంటే భయం కాదు, నా కొడుక్కి ఏమవుతుందోనని భయం. నలుగురిలో ఆ మాట అనాలి. అనకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, ఆ గది మూసేస్తారు, నా కూతురు ఆ బొమ్మలానే ఉండిపోతుంది.

"ఆ బొమ్మకి నోరు కట్టింది టీచరమ్మ కాదు. నేను" అన్నాను. "నాకు కొడుకు పుట్టాడు. వాడు నా కొడుకు. 'మా తమ్ముడు' అన్నందుకు నా కూతుర్ని నేనే కొట్టి నోరు మూశాను" అన్నాను. మీ బావగారు తలొంచుకుని లేచి, వెంకటప్పయ్య గారి చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఎనక్కి తీసుకుంటన్నామండీ" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు.

మా అత్తగారు మూడు రోజులుగా నాతో మాట్లాడ్డం లేదు. "వాడికేదన్నా అయితే నీదే పాపం" అని మాత్రం అన్నారు. నిజమే, నాదే.

రోజూ సాయంత్రం దీపాలు పెట్టగానే సరస ముందు "నా కొడుకు, నీ తమ్ముడు" అని గట్టిగా అంటున్నాను. అని, ఇద్దరం పోయి వాడి నుదురు ముట్టుకుని చూస్తున్నాం. అదింకా ఒక్క మాట అనలేదు. చెయ్యి మాత్రం నాకంటే ముందు అదే పెడుతోంది. సోమవారం, గురువారం ఆ గదికి పంపుతున్నాను.

మీ దయ మంచిపిల్లే. ఆ నోటుబుక్కు మీద మాత్రం నాకింకా అనుమానంగానే ఉంది, చెప్పు దానితో.

నీ
రాజ్యం


నరసరావుపేట,
25-11-1963

రాజ్యం,

నేను నీ స్థానంలో ఉంటే ఆ మీటింగులో లేచేదాన్ని కాదు. ఈ మాట ఊరికే మెప్పుకోసం రాయడం లేదు. సరస గురించి ఎంత అడగాలని ఉన్నా అడగను. ఎప్పుడైతే అప్పుడే. దయ కూడా నాకు ఇంక ఏ పాప గురించీ రాయనని ఒట్టు పెట్టుకుంది. బుక్కు నీకు చూపిస్తానంది, నీ పిల్ల పేజీలు మాత్రమే.

నీ
నిర్మల


మాచర్ల,
4-2-1964

నిర్మలా,

కార్డు మీద రాశానని ఆశ్చర్యపోకు. మా పోస్టుమాన్ హబీబ్ కార్డులన్నీ చదువుతాడని తెలిసే రాస్తున్నాను, చదువుకోనీ. నాకు కొడుకు పుట్టాడు, పోయిన జూన్‌లో. పేరు గోపాలకృష్ణ, ఇంక పెంటయ్య కాదు. రెండు పళ్ళొచ్చాయి. వచ్చే శివరాత్రికి కోటప్పకొండ మొక్కు తీర్చుకోవడానికి వస్తున్నాం, నీ ఇంట్లోనే దిగుతాం. సరసకి ప్రభలు చూపిస్తానని మాటిచ్చాను.

నిన్న సాయంత్రం నేను దీపం పెడుతూ, రోజూ అనే మాట మరిచిపోయాను. అది నాకోసం ఆగలేదు. ఒక్కతే ఉయ్యాల దగ్గరికి పోయి వాడి నుదురు మీద చెయ్యి వేసింది. వేసి, నా వైపు తిరిగి, "చల్లగానే ఉన్నాడమ్మా, మా తమ్ముడు" అంది. గొంతు కాస్త బొంగురుపోయింది.

నీ
రాజ్యం